ఒత్తకు అక్కా... పిట్ట దక్కదు!

సంక్రాంతి మర్నాడు. జనగామలో వాకిళ్ల ముందు ముగ్గులింకా చెరిగిపోలేదు. పంజరం మీది దుప్పటి తీసిన ఆ ఇల్లాలు గతుక్కుమంది. పొద్దున్నే సందడి చేయాల్సిన ఆడ ఫించ్ పంజరం అడుగున ఓ మూల ఒళ్లంతా ఉబ్బించుకుని కూర్చుంది. కళ్లు సగం మూసుకుపోయాయి. ఊపిరి తీసిన ప్రతిసారీ తోక పైకీ కిందికీ ఊగుతోంది. కాళ్లు నిలవట్లేదు. తోక కింద చిన్న ఉబ్బు.

దసరాకి తమ్ముడు తెచ్చిచ్చిన జంట అది. భూపాలపల్లి సింగరేణి క్వార్టర్స్‌లో ఉంటాడతను. జీబ్రా ఫించ్‌లు... ఆస్ట్రేలియా జాతి, తరతరాలుగా పంజరాల్లోనే పెరిగినవి. (మన పొలాల్లో తిరిగే మునియాలను పట్టి పెంచుకుంటామంటే మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.) దసరా నుంచి సంక్రాంతిలోపే ఈ జంట మూడుసార్లు గుడ్లు పెట్టింది. ఇంట్లో అందరికీ ముచ్చటే. పిల్లలైతే ముంతలోకి తొంగిచూడ్డం మానలేదు.

ఆమె ముందుగా మహబూబాబాద్‌లోని పెద్దమ్మకు ఫోన్ చేసింది. నలభై ఏళ్లుగా నాటుకోళ్లు పెంచిన చెయ్యి ఆమెది.

‘‘గుడ్డు అడ్డం పడ్డది బిడ్డా. కోళ్లకు గూడ గిట్లనే అయితది. ఇంత ఆముదం రాసి మెల్లగ ఒత్తు, వచ్చేస్తది’’ అందావిడ.

ఆముదం సీసా తీసి, పిట్టను చేతిలోకి తీసుకుంటుండగా తమ్ముడి ఫోన్.

‘‘ఒత్తకు అక్కా! లోపల పగిలితె పిట్ట దక్కదు.’’

అతనికి తెలుసు. రెండేళ్ల కిందట అతనూ ఒత్తాడు. గుడ్డు లోపలే చిట్లింది. మర్నాడు సాయంత్రానికి పిట్ట లేదు.

కిలోన్నర కోడికే అది ప్రమాదం. ఇక ఫించ్ బరువెంతని? పన్నెండు గ్రాములు. గుడ్డు దాదాపు ఒక గ్రాము. అరవై కిలోల మనిషి ఐదు కిలోల బిడ్డను కన్నట్టు! అదీ ఒక్కసారి కాదు, రోజుకొకటి చొప్పున నాలుగైదు రోజులు. పెంకు తయారవడానికి కావలసిన కాల్షియం తిండిలో లేకపోతే తల్లి ఎముకల్లోంచే పోతుంది. ఆ నిల్వ కూడా కరిగిపోతే గుడ్డును బయటికి నెట్టే కండరాలకు సత్తువ ఉండదు. పెంకు మెత్తబడితే అసలు పట్టే దొరకదు. దానికి తోడు చలి.

తమ్ముడు చెప్పినట్టే చేసిందామె. మగపిట్టను వేరే పంజరంలోకి మార్చింది. మూడువైపులా గుడ్డ కప్పి, ఒక పక్కన బయటినుంచి నలభై వాట్ల బల్బు పెట్టింది. ముప్పై, ముప్పై రెండు డిగ్రీల వెచ్చదనం చాలు. ఎక్కువైతే పిట్ట అవతలికి జరగడానికి చోటుండాలి. పంజరం పక్కనే వెడల్పాటి గిన్నెలో వేడినీళ్లు... గాలిలో తేమ కోసం. నోట్లో నీళ్లు గానీ నూనె గానీ పోయలేదు. పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వలేదు.

ఇదంతా చేసినా కొన్ని గంటల్లో గుడ్డు రాకపోతే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. పిట్ట నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్నా, తోక కింద ఎర్రటి కండ బయటికొచ్చినా అంతసేపు కూడా ఆగకూడదు. డాక్టరైతే కాల్షియం ఇంజెక్షన్ ఇస్తారు, అవసరమైతే సూదితో గుడ్డులోని సొన లాగేసి చిన్నది చేస్తారు. అయితే మన ఊళ్లలో పశువైద్యశాలంటే గేదెలు, మేకలే ఎక్కువ. జనగామ నుంచైనా, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచైనా వరంగల్ శివారు మామునూరులోని పశువైద్య కళాశాల దాకా పోవాలంటే గంటకు పైమాటే. పక్షుల్ని చూసే డాక్టరున్నారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. ఆమె భర్త అప్పటికే అట్టపెట్టెలో పాతగుడ్డ పరిచి, బండి తాళం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

పెట్టె అవసరం పడలేదు. మధ్యాహ్నం రెండింటికి పంజరం అడుగున గుడ్డు కనిపించింది. ముట్టుకుంటే వేలికింద లొత్తపడింది. అది గుడ్డు పెంకా, తడిసిన కాగితమా అన్నట్టుంది.

తప్పు ఆ రోజుది కాదు, దసరా నాటిది. పిట్టలకు కొర్రలు తప్ప ఇంకేం పెట్టలేదు. కొర్రల్లో కాల్షియం తక్కువ. ఇప్పుడు ఆయుర్వేదం కొట్లో దొరికే సముద్రపు నురుగు ముక్క పంజరానికి వేలాడుతోంది. ఉడికించి, ఆరబెట్టి, నలిపిన కోడిగుడ్డు పెంకులు చిన్న మూకుట్లో ఉంటున్నాయి. పంజరం రోజూ కాసేపు పొద్దుటి ఎండలోకి వస్తోంది. కిటికీ అద్దం వెనక ఎండ పనికిరాదు, డి విటమిన్ తయారవడానికి కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. ఇకమీదట ఏడాదికి రెండు మూడు ఈతలు మించనివ్వరు, అదీ చలికాలంలో అసలే వద్దనుకున్నారు.

పెద్దమ్మకు ఫోన్ చేసి చెబితే, ‘‘ఒత్తకుంటనే వచ్చిందా!’’ అని ఆశ్చర్యపోయింది.

ముంత తీసేసి వారమైంది. మగపిట్టకు ఆ సంగతి ఎక్కినట్టు లేదు. ముక్కున కొబ్బరిపీచు పట్టుకుని, ముంత ఉండాల్సిన మూలకు పోయి వస్తూనే ఉంది.