ఉత్తరపు గది

మా మద్రసాలో హిఫ్జ్ గదికి కిటికీలు రెండూ ఉత్తరం వైపే ఉన్నాయి. పడమర ఖిబ్లా గోడ, తూర్పున వరండా. గత రమజాన్ సెలవుల్లో ఆ గదికి రంగు వేయించే బాధ్యత నాపై పడింది. ముదురు ఆకుపచ్చను ఎంచుకున్నాను. మన మస్జిదుల గుమ్మటాలను తలచుకున్నానే గాని, గదిలోకి వెలుతురు ఎటు నుండి వస్తుందో ఆలోచించలేదు. "సాయిబుగారూ, ఈ రంగు వెలుతురుని మింగేస్తాదండి" అని రంగుల మేస్త్రీ అన్నాడు. వినలేదు.

షవ్వాల్‌లో తరగతులు మొదలయ్యాయి. లోపలి గోడకు ఆనుకొని కూర్చునే పదకొండేళ్ల బాలుడు కొత్త పాఠాన్ని పదే పదే తప్పుగా అప్పజెప్పసాగాడు. 'బా', 'తా', 'సా' అక్షరాలకు చుక్కలలోనే కదా భేదం! అశ్రద్ధ అనుకొని అందరి ఎదుట మందలించాను. అతడు తల వంచుకున్నాడు.

శ్రావణపు ముసురులో ఒక ఉదయం కరెంటు పోయింది. అతని చోట కూర్చొని ముస్హఫ్ తెరిచాను. చుక్కలు అలికినట్లున్నాయి. నా వయసు దోషమనుకొని వరండాలోకి వెళ్లి చూశాను. ప్రతి చుక్కా స్పష్టంగా కనిపించింది.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో సుమారు మే మధ్య నుండి జులై చివరి వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. మిగిలిన నెలల్లో ఉత్తరపు కిటికీకి చేరేది చాలావరకు ఆకాశపు వెలుగే. అందులో నీలిఛాయ ఎక్కువ. ఆ వెలుగులో ఆకుపచ్చ, నీలం, బూడిద రంగులు మరింత దిగులుగా కనిపిస్తాయి. పసుపు ఛాయ గల లేత మీగడ రంగైతే గది తేటపడుతుంది. పడమటి గది వేరు. అస్ర్ తర్వాత అక్కడ ఎండ ఎర్రబడుతుంది గనుక చల్లని లేత రంగులు నప్పుతాయి. మా అమ్మగారు వెల్లసున్నంలో చిటికెడు నీలిమందు కలిపించేవారు. ఆ తెలుపు ఏ గదిలోనైనా ఒప్పేది.

ఈసారి మేస్త్రీ మాట విన్నాను. రెండు గోడల మీద రెండేసి అడుగుల మేర పూయించి, ఆరనిచ్చి, ఉదయం, జుహ్ర్, అస్ర్ వేళల్లో చూశాను. తడిలో కనిపించిన రంగు ఆరాక కనిపించదు. షేడ్ కార్డు మీది చిన్న ముక్కను బట్టి గోడంతటినీ ఊహించడమూ కష్టమే. పైకప్పుకు తెలుపు వేయించాం. ఖర్చు నా జీతం నుండే ఇచ్చాను.

పిల్లలందరి ఎదుట ఆ బాలుణ్ణి క్షమాపణ కోరాను. అతడు కంగారుపడి, "కిటికీ దగ్గర కూర్చుంటానని ఆ రోజే అడిగాను హజ్రత్" అన్నాడు.

నాకు జ్ఞాపకం లేదు.