పైథాగరస్ బడిలో పాత కాగితాలు

కేంబ్రిడ్జిలో కామ్ నదికి పడమటి గట్టున, సెయింట్ జాన్స్ కాలేజీ ఆవరణలో ఒక పాత రాతి ఇల్లుంది. 1200 ప్రాంతంలో కట్టింది. దాన్ని పైథాగరస్ బడి అంటారు. ఆ గ్రీకు పండితుడికీ ఈ ఇంటికీ ఏ చుట్టరికమూ లేదు, పేరు మాత్రం నిలిచిపోయింది. డన్నింగులనే పట్టణపు ధనిక కుటుంబానిది ఆ ఇల్లు. 1270 ప్రాంతంలో వాల్టర్ డి మెర్టన్ అనే ఆయన కొని, తాను ఆక్స్‌ఫర్డ్‌లో పెట్టిన కాలేజీకి రాసిచ్చాడు. అలా కేంబ్రిడ్జి నడిబొడ్డున ఉన్న ఇల్లు 1959 దాకా ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ ఆస్తిగానే ఉండిపోయింది. ఆ ఏడు సెయింట్ జాన్స్ దాన్ని కొనుక్కుంది. ఇప్పుడు ఆ కాలేజీ దస్తావేజులన్నీ ఆ గోడల మధ్యే ఉన్నాయి.

మాది చిత్తూరు. కట్టమంచి ఇప్పుడు మా ఊళ్ళో కలిసిపోయిన పేట. అక్కడ పుట్టిన కట్టమంచి రామలింగారెడ్డి గారు 1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద ఓడెక్కి వచ్చి చదివింది ఈ సెయింట్ జాన్స్ కాలేజీలోనే. కేంబ్రిడ్జి యూనియన్ అనే పేరున్న చర్చావేదికకు ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన భారతీయుడాయన. తర్వాత 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. ఇంగ్లండు వచ్చి స్థిరపడ్డాక, మా ఊరాయన తిరిగిన చోటు చూడాలన్న కోరికతో ఆ ఆర్కైవ్‌కు ముందుగా ఉత్తరం రాసి, రమ్మన్న రోజున వెళ్ళాను. సంచి బయట పెట్టేయాలి. కలం పనికిరాదు, పెన్సిలే. చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, దిండు మీద పరిచిన పుస్తకాన్ని మెల్లగా తిప్పాలి. రెడ్డిగారి కోసం వెళ్ళిన నన్ను, ఆయనకు ముందు వందల ఏళ్ళ నుంచీ అక్కడ పోగుపడిన కాగితాలు పట్టేసుకున్నాయి. ఆ పరిచయం ఇప్పటికీ తెగలేదు.

కాలేజీ పుట్టింది 1511లో. ఏడో హెన్రీ రాజు తల్లి, లేడీ మార్గరెట్ బోఫోర్ట్ సంకల్పం అది. పదమూడేళ్ళ వయసులో, అప్పటికే భర్తను పోగొట్టుకుని, ఆ కొడుకును కన్న మనిషి ఆమె. 1509లో ఆమె పోయాక ఆమె ఇంటి ఖర్చుల చిట్టాలు, వస్తువుల జాబితాలు కాలేజీకి చేరాయి. అయితే కాలేజీ కోసం ఆమె అనుకున్న భూముల్ని మనవడైన ఎనిమిదో హెన్రీ తనవేనన్నాడు. ఆమె ఇష్టాన్ని అమలు చేయాల్సిన బిషప్ జాన్ ఫిషర్ కోర్టుల చుట్టూ, కొలువుల చుట్టూ తిరిగి, పోయిన భూములకు బదులు కెంట్‌లో ఒక పాత ధర్మశాల ఆస్తినీ, హయమ్, బ్రూమ్‌హాల్ అనే రెండు చిన్న కన్యాశ్రమాల ఆస్తుల్నీ సంపాదించాడు. ఆశ్రమాలు మూతపడ్డాయి, భూములు కాలేజీకి వచ్చాయి. భూమితోపాటు హక్కు పత్రాలూ రావాల్సిందే కదా! అందుకే మగపిల్లల కోసం పెట్టిన ఒక కాలేజీలో మధ్యయుగపు సన్యాసినుల దస్తావేజులు మైనం ముద్రలతో సహా భద్రంగా ఉన్నాయి.

ఆ మూసివేత కోసం జరిపిన విచారణ కాగితాలూ ఉన్నాయి. ఆశ్రమంలో కొద్దిమందే మిగిలారనీ, నడవడి బాగాలేదనీ రాసుకొచ్చారు. చదివేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆ మాటలు రాయించినవాళ్ళకు ఆ భూమి కావాలి. సన్యాసినులు తమంతట తాము రాసుకున్న మాట ఒక్కటీ అందులో లేదు. ఏ కాగితం ఎవరి అవసరానికి పుట్టిందో తెలుసుకోకుండా అందులోని మాటను నమ్మకూడదని నాకు అక్కడే బలంగా నాటుకుంది.

కాలేజీ లేచిన స్థలం కూడా ఇలాంటిదే. అంతకు ముందు మూడు వందల ఏళ్ళుగా అక్కడ సెయింట్ జాన్ పేరుతో బీదల ఆసుపత్రి నడిచింది. దాని దానపత్రాలన్నీ కాలేజీకి సంక్రమించాయి. ఫలానా ఆయన తన ఆత్మశాంతి కోసం ఫలానా పొలంలో ఇంత చెక్క రాసిచ్చాడని వాటిలో ఉంటుంది. దాతల పేర్లుంటాయి, సాక్షుల పేర్లుంటాయి, పొలం సరిహద్దులుంటాయి. అక్కడ పడుకుని పోయిన రోగుల పేర్లు మాత్రం కనపడవు. వాళ్ళ సంగతి తెలిసింది నేల తవ్వినప్పుడే. 2010, 2012 మధ్య కాలేజీకి చెందిన పాత భవనం కింద తవ్వితే ఆ ఆసుపత్రి శ్మశానం బయటపడింది. నాలుగు వందల పైచిలుకు పూర్తి అస్థిపంజరాలు దొరికాయి. మొత్తం మీద పదమూడు వందల మందిని అక్కడ పూడ్చి ఉంటారని పురావస్తు శాస్త్రవేత్తల అంచనా. కాగితం వదిలేసినవాళ్ళను మట్టి దాచింది.

ఇక శిస్తు లెక్కలు. మా తాత కరణీకం చేసినవాడు కావడం వల్లనేమో, నాకు ఇవంటే ప్రత్యేకమైన మమకారం. 1576లో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి కాలేజీలు తమ భూముల్ని కౌలుకిచ్చేటప్పుడు పాత కౌలులో కనీసం మూడో వంతు గోధుమలు, మాల్టు రూపంలో రాయించుకోవాలి. క్వార్టరు (ఆనాటి ధాన్యపు కొలత) గోధుమలు ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీలకు, మాల్టు అయిదు షిల్లింగులకు మించకుండా లెక్కగట్టి ఆ కొలత ఖాయం చేయాలి. రైతు ధాన్యమైనా కొలవవచ్చు, లేదా ఆనాటి సంత ధర ప్రకారం డబ్బైనా కట్టవచ్చు. తర్వాతి వందేళ్ళలో ధరలు పెరిగినకొద్దీ, డబ్బు రూపంలో గడ్డకట్టిపోయిన మిగతా రెండు వంతుల విలువ కరిగిపోయింది, ధాన్యం వంతు మాత్రం కాలేజీల్ని నిలబెట్టింది. ఈ చట్టం వెనక ఉన్నవాడు సర్ థామస్ స్మిత్. సెయింట్ జాన్స్‌లో చదివి ఎలిజబెత్ రాణికి మంత్రి అయిన విలియం సెసిల్ కాలమది. కాలేజీలు ఏటేటా రాసి దాచిన ఈ ధాన్యం లెక్కల వల్లే ఇంగ్లండులో ఏ ఏడు పంట పోయింది, ఏ ఏడు రొట్టె ప్రియమైంది అని చరిత్రకారులు ఈనాడు చెప్పగలుగుతున్నారు. రాసిన గుమాస్తాకు చరిత్ర సంగతి పట్టి ఉండదు. కాలేజీకి రావాల్సిన గింజ పోకూడదన్నదే అతని చింత.

కాగితం ఎవరి పక్షమో ఆనాటి బీదవాళ్ళకూ బాగా తెలుసు. 1381 జూన్‌లో ఇంగ్లండు రైతులు తిరగబడినప్పుడు కేంబ్రిడ్జి పట్టణపు జనం కార్పస్ క్రిస్టీ కాలేజీ మీద పడి పత్రాలు ఎత్తుకుపోయారు, విశ్వవిద్యాలయం పెట్టెలోని దస్తావేజుల్ని తెచ్చి సంత వీధిలో తగలబెట్టారు. మార్జరీ స్టార్ అనే ముసలమ్మ ఆ బూడిదను గాలికి ఎగరేస్తూ పండితుల చదువు నాశనం కావాలని అరిచిందని రాశారు. ఆమె మీద నాకు కోపం రాదు. ఆ చదువు ఆమెకు అద్దెల రూపంలో, హక్కుల రూపంలోనే ఎదురైంది. తెలంగాణ సాయుధ పోరాటంలో మన పల్లె జనం అప్పు పత్రాల్ని మంటల్లో వేసినప్పుడూ కారణం అదే. అయినా, 1381కి ముందు ఆ విశ్వవిద్యాలయం ఎలా నడిచిందో చెప్పే కాగితాలు చాలామటుకు ఆ మంటల్లో పోయాయి. ఈ రెండూ నిజాలే, ఒకదాని కోసం రెండోదాన్ని నేను వదులుకోలేను.

విద్యార్థుల ప్రవేశాల రిజిస్టర్లు నాకు అన్నిటికన్నా ఇష్టం. 1630 నుంచి సెయింట్ జాన్స్‌లో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి, పుట్టిన ఊరు, చదివిన బడి వరసగా రాశారు. రైతు కొడుకు, దర్జీ కొడుకు, పాస్టరు కొడుకు, ప్రభువు కొడుకు ఒకే పుటలో ఉంటారు. ఫీజు కట్టుకోలేని పిల్లల్ని సైజర్లనేవారు. తగ్గించిన రుసుముతో చదువుకునేవారు, పాతరోజుల్లో అందుకు బదులు పెద్దింటి విద్యార్థులకు వడ్డన చేసేవారు. కవి వర్డ్స్‌వర్త్ 1787లో చేరింది సైజరుగానే. 1802 అక్టోబరులో ఐర్లండు నుంచి ఒక బీద యువకుడు వచ్చాడు. అతని యాసలో చెప్పిన పేరును గుమాస్తా తనకు వినిపించినట్టు బ్రాంటీ అని రాసుకున్నాడు. రెండు రోజులకు ఆ యువకుడు దాన్ని బ్రాంటే అని దిద్దించుకున్నాడు. పాట్రిక్ బ్రాంటే అతను. జేన్ ఐర్, వదరింగ్ హైట్స్ నవలలు రాసిన అక్కచెల్లెళ్ళకు తండ్రి. విమానాశ్రయం కౌంటరు నుంచి ఆసుపత్రి దాకా ప్రతిచోటా నా ఇంటిపేరును ముక్కలు ముక్కలుగా పలికించుకునే నాకు ఆ దిద్దుబాటు చదివితే మనసు నిండింది.

అదే కాలేజీలో 1779లో చేరిన థామస్ క్లార్క్‌సన్ 1785లో విశ్వవిద్యాలయం పోటీకి లాటిన్‌లో ఒక వ్యాసం రాశాడు. మనుషుల్ని వాళ్ళ ఇష్టం లేకుండా బానిసలు చేయడం న్యాయమా అన్నది విషయం. బహుమతి వచ్చింది, కానీ రాసింది అతన్ని నిద్రపోనివ్వలేదు. బ్రిస్టల్, లివర్‌పూల్ రేవులకు వెళ్ళి ఓడల హాజరు పట్టీలు ఒక్కొక్కటే తిరగేశాడు. బానిసల ఓడలు నావికులకు మంచి శిక్షణ అని వ్యాపారులు చెప్పుకునేవారు. అవే ఓడల్లో నావికులు ఎందరు చచ్చిపోతున్నారో ఆ వ్యాపారుల పట్టీలతోనే నిరూపించాడు. 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించారు. ఆయన కాగితాలు కొన్ని ఇవాళ సెయింట్ జాన్స్ లైబ్రరీలో ఉన్నాయి.

బానిసత్వం పోయాక తోటలకు కూలీలు కావలసివచ్చారు. కోరంగి, విశాఖ, మద్రాసు రేవుల నుంచి మారిషస్‌కు, నాటాల్‌కు ఓడలెక్కిన మన తెలుగువాళ్ళ కథ అక్కడ మొదలవుతుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలో తెలుగువాళ్ళున్నారు. ఆ ఓడల జాబితాల్లోనూ పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. వృత్తి ఉండాల్సిన చోట కులం ఉంటుంది, బడి ఉండాల్సిన చోట ఒంటి మీది మచ్చలు ఉంటాయి. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న ఆనవాళ్ళవి. ఇవాళ మారిషస్ తెలుగువాళ్ళు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళి తాతముత్తాతల ఊరిపేరు వెతుక్కునేది ఆ వలస రిజిస్టర్లలోనే. బంధించడానికి రాసిన మచ్చ మనవలకు దారి చూపిస్తోంది.

ఇరవయ్యో శతాబ్దపు సంపద గురించి తొందరగా చెప్పేస్తాను. ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ కాగితాలు, ఫొటోగ్రాఫర్ సెసిల్ బీటన్ డైరీలు, రచయిత డగ్లస్ ఆడమ్స్ చిత్తుప్రతులు సెయింట్ జాన్స్‌లో ఉన్నాయి. ఆడపిల్లల్ని డిగ్రీ చదువుకు చేర్చుకున్నది 1982లోనే. అంతకు ముందరి కాలానికి వంటింటి, చాకిరీ లెక్కల్లో తప్ప ఆడవాళ్ళ పేర్లు అరుదు.

మళ్ళీ రెడ్డిగారి దగ్గరికి. ఆయన 'ముసలమ్మ మరణము' కావ్యానికి కథ ఎక్కడ దొరికింది? చెరువు కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన బుక్కరాయసముద్రం కోడలి కథ అది. ఆ సంగతిని ఊరివాళ్ళెవరో రాసిపెట్టారు, బ్రౌన్ దొర సేకరించి అనంతపుర చరిత్రగా అచ్చువేయించాడు. ఆ స్థానిక చరిత్ర చేతికి అందబట్టే మద్రాసులో చదువుకుంటున్న చిత్తూరు కుర్రవాడు తెలుగు కవిత్వానికి కొత్త దారి వేసే కావ్యం రాయగలిగాడు.

మన దగ్గర కాగితం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మచిలీపట్నం నోబుల్ కాలేజీ మూలాలు 1843 నాటివి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ, కాకినాడ పీఆర్ కాలేజీ, విశాఖ ఏవీఎన్ కాలేజీ, విజయనగరం మహారాజా కాలేజీ, హైదరాబాదు నిజాం కాలేజీ అన్నీ నూరేళ్ళు దాటినవే. ఇలాంటి చోట్ల ప్రవేశాల రిజిస్టరు, హాస్టలు మెస్సు పద్దు, స్కాలర్‌షిప్పు దరఖాస్తు, నాటకాల కరపత్రం ప్రతిదీ చరిత్రే. మొదటి దళిత విద్యార్థి ఏ ఏడు చేరాడు, మొదటి ఆడపిల్ల తండ్రి ఏ పని చేసేవాడు, కరువు ఏట ఎందరు బడి మానేశారు, ఇవి ఇంకెక్కడా దొరకవు. నేను చదివిన కాలేజీలో, దాని పేరు రాయను, గదులు ఖాళీ చేయాలని పాత రిజిస్టర్లను తూకానికి అమ్మేశారు. ఆ వార్త విన్ననాడు నాకు అన్నం సహించలేదు.

విదేశాల్లో ఉన్న పూర్వ విద్యార్థులం మన కాలేజీలకు ముఖద్వారాలు, కంప్యూటర్లు, పేర్లు చెక్కిన శిలాఫలకాలు ఇస్తున్నాం. ఈసారి చెమ్మ చేరని ఒక గది, కొన్ని ఇనుప బీరువాలు, ఒక మనిషి జీతం ఇద్దాం. తుప్పు పట్టిన గుండుసూదులు తీసేయడం, చెదలు చూసుకోవడం, ఏ పుస్తకం ఏ అరలో ఉందో జాబితా రాయడం, నెమ్మదిగా స్కాన్ చేయడం, ఇంతే పని. బతికున్నవాళ్ళ మార్కులూ, సొంత సంగతులూ ఇప్పుడే బయటపెట్టాల్సిన అవసరం లేదు, ఇక్కడా పెట్టరు. ఈ వారమే మీ కాలేజీ ప్రిన్సిపాల్ గారికి ఒక ఉత్తరం రాయండి. 1950కి ముందరి అడ్మిషన్ రిజిస్టర్లు ఏ గదిలో ఉన్నాయని అడగండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా అడగండి.