చెంగ్డూ సందులో భోజనం

ఇప్పుడు మన మండల కేంద్రాలలో కూడా సాయంకాలమయ్యేసరికి బస్టాండు పక్కన నూడుల్స్ బండ్లు వెలుగుతుంటాయి. వాటి మీద ‘షెజ్వాన్ ఫ్రైడ్ రైస్’ అని ఎర్రటి అక్షరాలతో రాసి ఉండటం పాఠకులు చూసే ఉంటారు. షెజ్వాన్ అన్నది వంట పేరు కాదు. చైనా దేశానికి నైరుతి దిక్కున ఉన్న సిచువాన్ అనే రాష్ట్రం పేరు. బండి మీద వేసే ఎర్ర సాస్ మాత్రం ఎండుమిరపకాయలు, వెల్లుల్లి నూరి నూనెలో వేయించి మన దేశంలోనే తయారుచేసుకున్నది. దానిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు, పిల్లలు ఇష్టంగా తింటారు. కాని సిచువాన్ వంటకు ప్రాణమైన దినుసు ఒకటి అందులో ఉండదు. ఆ దినుసు సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాము.

మా సంఘంలోని ఒక ఉపాధ్యాయుని కుమారుడు సిచువాన్ ముఖ్యపట్టణమైన చెంగ్డూలో వైద్యవిద్య చదువుతూ ఉండేవాడు. 2019 అక్టోబరులో మాస్టారు దంపతులతో కలిసి మేమిద్దరం అతనిని చూడటానికి వెళ్లాము. అక్కడ ఉన్నన్నాళ్లు ఆకాశం మబ్బుగానే ఉంది. సూర్యుడు అంత అరుదు గనుక, కనబడిన రోజున సిచువాన్ కుక్కలు ఆయనను చూసి మొరుగుతాయని చైనాలో సామెత. ఆ చెమ్మ ఒంటికి పట్టకుండా కారం తినాలని అక్కడివారి నమ్మకం. మాస్టారుది గుంటూరు జిల్లా. “కారం మనకు నేర్పేవాళ్లా వీళ్లు?” అని నవ్వారు. అయినా ఆయన భార్య ముందుజాగ్రత్తగా ఆవకాయ సీసా, కందిపొడి మూటగట్టి తెచ్చారు.

మొదటి రెండు రోజులు ఆ సీసాతోనే గడిచింది. చైనావాళ్లు పాములు, కప్పలు తింటారని మన ఊళ్లలో చెప్పుకునే మాటలు అమ్మగారి మనసులో బాగా నాటుకొని ఉన్నాయి. మూడవ సాయంకాలం ఆ అబ్బాయి, అతని చైనా సహవిద్యార్థి ఇద్దరూ కలిసి హాస్టలు వెనుక సందులోని చిన్న హోటలుకు మమ్మల్ని తీసుకొని వెళ్లారు. ఇరుకుగా, మసిపట్టి ఉండే ఇలాంటి వాటిని చెంగ్డూవారు ‘ఈగల హోటళ్లు’ అని ముద్దుగా పిలుచుకుంటారు. మేము వెళ్లినచోట ఈగలు లేవు గాని, బల్లలు ఆరే ఉన్నాయి. కూర్చోవడానికి పిల్లల పీటలంత ప్లాస్టిక్ స్టూళ్లు. మేము కన్నులు మూసుకొని ప్రార్థన చేసుకున్నంతసేపు, హోటలు యజమానురాలు వేడి పళ్లెం పట్టుకొని కదలకుండా నిలబడింది.

మొదట మాపో తోఫు వచ్చింది. సోయా పాలను విరగ్గొట్టి చేసిన మెత్తని ముక్కలు, కొద్దిగా పశుమాంసం కైమా, పైన ఎర్రని నూనె. మాపో అంటే మచ్చల ముఖపు ముసలమ్మ. 1862 ప్రాంతంలో ఈ చెంగ్డూలోనే ఒక వంతెన దగ్గర పూటకూళ్లు నడిపిన చెన్ అనే ఇంటి ఆమె చేతి వంట అని చెబుతారు. దాని రంగుకు, రుచికి మూలం పిషియన్ అనేచోట పెట్టే ఒక పచ్చడి. చిక్కుడు జాతి గింజలను, మిరపకాయలను ఉప్పుతో పెద్ద జాడీలలో పులియబెడతారు. ఎండలో మూతతీసి కలియబెట్టడం, వానకు మూయడం, ఇలా నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు. ఇది వినగానే అమ్మగారు, “మన ఆవకాయ జాడీలాగే ఉందే!” అని మొదటిసారి చెంచా చేతపట్టారు.

“అయ్యగారూ, నాలుక మొద్దుబారుతుంది, భయపడకండి,” అన్నాడు అబ్బాయి. ముందు కారం తగిలింది, అది మనకు పరిచయమే. తరువాత పెదవుల మీద చీమలు పాకినట్లు జివ్వుమని తిమ్మిరి. మంచినీళ్లు తాగితే నీళ్లే కొత్త రుచిగా ఉన్నాయి. అది హువాజియావ్ అనే కాయ చేసే పని. నిమ్మ జాతికి చెందిన ముళ్ల చెట్టుకు కాసే చిన్న కాయ అది. గింజ పారేసి పైతోలు మాత్రమే వాడతారు. దానిలోని సాన్షూల్ అనే పదార్థం స్పర్శ నరాలను తాకుతుంది. 2013లో లండన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, పెదవి సెకనుకు సుమారు 50 సార్లు అదిరినట్లు తోస్తుందని లెక్కగట్టారు. తిమ్మిరిని వారు ‘మా’ అంటారు, కారాన్ని ‘లా’ అంటారు. ఈ రెండూ కలిసినదే ‘మాలా’.

ఇందులో మిరపకాయే కొత్తగా వచ్చిన చుట్టం. అది అమెరికా ఖండాలది. మనకు పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. చైనాలో దాని ప్రస్తావన 1591లో కనబడుతుంది, అదీ చూడముచ్చటైన మొక్కగా. సముద్రం మీదుగా వచ్చినది గనుక సిచువాన్‌వారు దానిని నేటికీ ‘సముద్రపు మిరియం’ అంటారు. మనం మిరియాన్ని బట్టి మిరపకాయ అన్నాము. రెండుచోట్లా తాతలు ఒకేలా ఆలోచించారు! హువాజియావ్ మాత్రం అంతకంటే ఎంతో ముందునుండి అక్కడిదే.

అన్నీ కారమే అనుకోవద్దు. ‘చేప వాసన వంకాయ’ అని వచ్చినదానిలో చేప లేనేలేదు. చేపల కూరలో వేసే అల్లం, వెల్లుల్లి, ఊరగాయ మిరపకాయలతో పులుపుగా, తీపిగా వండిన వంకాయ అది. పేరు విని వద్దన్న అమ్మగారే తరువాత రెండోసారి వడ్డించుకున్నారు. చివరన ఉప్పు కూడా అంతంతమాత్రమైన ఆకుకూర చారు. ‘నీళ్లలో ఉడికించిన చేప’ అన్నది మాత్రం పేరుకే నీళ్లు. బేసిన్ నిండా ఎర్రని నూనె, దానిపై దోసెడు ఎండుమిరపకాయలు. మాస్టారు మన పులుసనుకొని ఆ నూనె అన్నంలో పోసుకోబోగా, యజమానురాలు పరుగెత్తుకొచ్చి ఆయన చేయి పట్టుకుంది. చేపముక్కలు ఏరుకొని తినాలి, నూనె వదిలేయాలట. హోటలంతా నవ్వింది, మాస్టారు అందరికంటే గట్టిగా నవ్వారు.

అక్కడ ఎవరి పళ్లెం వారిది కాదు. కూరలన్నీ నడుమ ఉంటాయి, ఎవరికి వారు చిన్న గిన్నెలో అన్నం పెట్టుకొని ఒకే గిన్నెలోనుండి తీసుకుంటారు. ఆ చైనా అబ్బాయి ముళ్లులేని ముక్క చూసి మరీ ముందు అమ్మగారి గిన్నెలో పెట్టాడు. తన తల్లి దూరాన పల్లెలో ఉంటుందని, అతడు చెప్పినది మావాడు తెలుగులో చెప్పాడు. ఆమె వెంటనే సంచిలోనుండి ఆవకాయ సీసా తీసి బల్ల నడుమ పెట్టారు. యజమానురాలు కూడా వచ్చి రుచిచూసింది.

ఆ ముళ్ల చెట్టుకు దగ్గరి చుట్టం మన కొండలలో కూడా ఉంది. సామర్లకోట తోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు తెలుగువారి నోట ‘రచ్చమాను’ అనే పేరు విని, దానికి ‘రెట్సా’ అనే శాస్త్రీయ నామం పెట్టాడు. కొండజనులు దాని నీడన కూడి ఊరి సంగతులు తేల్చుకునేవారు గనుక ఆ పేరని రాశాడు. కొంకణంవారు దాని కాయలను తిర్‌ఫల్ అని చేపల కూరలో వేస్తారు. మనవాళ్లకు దాని నీడ మీదనే దృష్టి పోయింది కాబోలు!

2020 జనవరిలో ఆ అబ్బాయి సెలవులకు ఇంటికి వచ్చాడు. కరోనా వలన చైనా సరిహద్దులు మూసుకొనిపోయాయి. వేలాదిమంది మన విద్యార్థులతోపాటు అతడూ 2022 వరకు తిరిగి వెళ్లలేకపోయాడు. అక్కడి ఉదయం 8 గంటల పాఠానికి ఇక్కడ అయిదున్నరకే లేచి ఫోను ముందు కూర్చునేవాడు. ఊరిలో కొందరు “చైనా పిల్లవాడు” అని ఎడంగా నడిచారు. ఆ దినాలలోనే అమ్మగారు, అతడు తెచ్చిన హువాజియావ్ పొట్లం విప్పి వంకాయ కూరలో వేయడం మొదలుపెట్టారు. మేము వెళ్లినప్పుడల్లా అదే కూర. పొట్లం అయిపోతున్నదని చిటికెడు చిటికెడు వాడారు.

2022 చివరలో అతడు తిరిగి బయలుదేరినప్పుడు, ఆమె పెట్టెలో ఆవకాయ సీసా పక్కనే ఒక ఖాళీ డబ్బా కూడా సర్దారు. వచ్చేటప్పుడు నింపుకొని రమ్మన్నారు.