ఎర్రర్ ఒకటే, జబ్బులు రెండు

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా తెలిసిన తలనొప్పి ఒకటుంది: ఎర్రర్ మెసేజ్ ఒకటే, కారణాలు మాత్రం రెండు. పేగుల్లోనూ అలాంటిదొకటి ఉందని మా జగ్గయ్యపేట బాబాయి వల్ల తెలిసింది.

ఆర్నెల్లుగా కడుపునొప్పి, విరేచనాలు, సాయంత్రానికి జ్వరం. తొమ్మిది కిలోలు తగ్గాడు. పేటలో గ్యాస్ అన్నారు, నందిగామలో అల్సర్ అన్నారు. చివరికి హైదరాబాదులో కొలనోస్కోపీ చేస్తే, చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోట పుళ్ళు కనబడ్డాయి.

అది పేగు క్షయ కావచ్చు, క్రోన్స్ వ్యాధి కావచ్చు. ఈ రెండోది క్షయ కాదు, వేరే జబ్బని 1932లో న్యూయార్క్ డాక్టర్ బరిల్ క్రోన్, ఆయన సహచరులు రాశారు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, వైద్యాలేమో ఎదురెదురు. క్రోన్స్‌కిచ్చే స్టెరాయిడ్లు రోగనిరోధక శక్తిని అణుస్తాయి. లోపలున్నది క్షయ అయితే ఇంకా చెలరేగుతుంది.

బయాప్సీలోనూ క్షయ క్రిములు చాలాసార్లు దొరకవు. అందుకే అనుమానం తీరకపోతే మన డాక్టర్లు ముందు క్షయ మందులిచ్చి, రెండు మూడు నెలలకి మళ్ళీ లోపల చూస్తారు. పుళ్ళు మానితే క్షయే, ఆర్నెల్ల కోర్సు పూర్తి చెయ్యాలి. మానకపోతే, మందులకి లొంగని క్షయ కాదని తేల్చుకుని క్రోన్స్ వైపు వెళ్తారు.

"నొప్పి తగ్గిందిగా, మళ్ళీ ఆ గొట్టం దేనికిరా?" అన్నాడు బాబాయి. అసలు మెలిక అక్కడే. క్రోన్స్ ఉన్నవాళ్ళకి కూడా ఈ మందులతో కొన్నాళ్ళు హాయిగా అనిపించొచ్చు. యూజర్ బాగుందన్నాడని టికెట్ మూసేస్తామా? బతిమాలి తీసుకెళ్ళాం. పుళ్ళు మానాయి, క్షయే.

ఊళ్ళో మీవాళ్ళెవరైనా బరువు తగ్గిపోతూ గ్యాస్ బిళ్ళలతో నెట్టుకొస్తుంటే, ఈసారి ఫోన్లో గట్టిగా అడగండి. క్షయ మందులు సర్కారు దవాఖానాల్లో ఉచితం. ఖరీదైనది ఆలస్యమే.