నది నేలను పరిచే చోట.. హంసలదీవిలో ఒక రోజు నడక

ట్రెక్కింగ్ అనగానే మన వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ఫొటోలు దాదాపు ఒకటే రకం. గండికోట అంచు, కింద పెన్నా, చుట్టూ ఎర్రటి రాళ్లు. అమెరికాలో ఉన్న ఫ్రెండ్ అయితే గ్రాండ్ కాన్యన్. బాగుంటాయి, కాదనను. కానీ లోయ అంటే నది నేలను తవ్వుకుంటూ పోయిన చోటు. మరి ఆ తవ్విన మట్టంతా ఎక్కడికి పోయినట్టు?

జవాబు కాళ్ల కింద చూడాలంటే హంసలదీవి వెళ్లాలి. మహాబలేశ్వర్ దగ్గర పుట్టిన కృష్ణమ్మ నల్లమల కొండల్ని కోసుకుంటూ, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలిసే చోటు ఇది. పులిగడ్డ దగ్గర నది రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. దాని చివరి కొస హంసలదీవి.

కొండ ఎక్కేది లేదు, లోయలోకి దిగేది లేదు. అయినా ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రానికి నా ఫోన్‌లో అడుగుల లెక్క 18 వేలు దాటింది.

కాకి హంసైన ఊరు

ఉదయాన్నే మొదట వేణుగోపాలస్వామి గుడికి వెళ్లాం. స్థలపురాణం చాలామందికి తెలిసిందే. జనం పాపాలు కడిగి కడిగి గంగమ్మ నల్లబడిపోయిందట. కాకి రూపంలో తీర్థాలన్నీ తిరుగుతూ మునిగితే, ఇక్కడ మునిగినప్పుడు తెల్లటి హంసగా మారిందట. అందుకే ఊరికి ఆ పేరు. మాఘ పౌర్ణమికి స్వామి కల్యాణం, సాగర సంగమంలో స్నానాలు. ఆ రోజుల్లో ఇక్కడ ఇసకేస్తే రాలదు. మామూలు రోజుల్లో మాత్రం గాలి చప్పుడే.

ఇసుక మీద ఐదు కిలోమీటర్లు

గుడి దాటి ముందుకెళ్తే పాలకాయతిప్ప బీచ్. అక్కడి నుంచి తీరం వెంట సుమారు ఐదు కిలోమీటర్లు నడిస్తే సంగమం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఇసుక తిన్నెలు, వాటి వెనక మడ అడవులు. ఎర్ర పీతలు మన అడుగు పడే లోపే బొరియల్లోకి మాయం. పొడి ఇసుకలో కాలు దిగబడి పిక్కలు పట్టేస్తాయి. తడి ఇసుక మీద నడిస్తే సుఖం.

దారిలో వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన్ని, ‘బాబాయ్, బళ్లు ఎందుకు వద్దంటున్నారు?’ అని అడిగాను. ‘తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం బాబూ. పైన బండి పోతే కింద ఏం మిగులుద్ది?’ అన్నాడు.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర్లో రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుకలో గొయ్యి తీసి ఒక్కోటీ వందకు పైగా గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర పైనే పడుతుంది. అంటే మనం రీల్ కోసం బైక్ తిప్పే ఇసుక కింద ఒక ఊరంత ప్రాణం ఉండొచ్చు.

ఉప్పు చెమటోడ్చే చెట్లు

ఇది నేషనల్ పార్క్ కాదు. 1989లో ప్రకటించిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం, సుమారు 195 చదరపు కిలోమీటర్లు. ఫిషింగ్ క్యాట్ అనే నీటిపిల్లి ఉండేది ఈ మడల్లోనే. మాకు కనిపించలేదు. అది రాత్రి మనిషి, మనం పగటి మనుషులం.

చెట్లు మాత్రం తీరిగ్గా కనిపించాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి తెల్లమడ వేర్లు పెన్సిళ్లలా నేలలోంచి పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీలుస్తాయి. ఆకులు ఉప్పును బయటికి తోసేస్తాయి. ఒక ఆకు మీద వేలు రాసి నాలుక్కి తగిలిస్తే, నిజంగానే ఉప్పగా ఉంది!

ఈ చెట్ల విలువ దివిసీమ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చింది. దాదాపు ఐదారు మీటర్ల ఎత్తున నీళ్లు ఊళ్ల మీద పడ్డాయి. పది వేల మందికి పైగా పోయారు. మా అమ్మమ్మ వాళ్లది ఈ సీమే. వాళ్లింట్లో ఇప్పటికీ పెళ్లయినా, పుట్టుకయినా ‘ఉప్పెనకి ముందు’, ‘ఉప్పెన తర్వాత’ అనే చెప్తారు. మడ అడవి దట్టంగా ఉంటే అల జోరు కొంత తగ్గి ఊరికి చేరుతుంది. గోడ కట్టినా కూలుతుంది. ఇది దానంతటదే పెరిగే గోడ.

సంగమం దగ్గర

చివరికి చేరాం. ఇటు నది నెమ్మది, అటు సముద్రం హోరు. మధ్యలో నీళ్లు రంగు మారే గీత.

అక్కడ నిలబడితే ఒక విషయం గుచ్చుకుంటుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్, ప్రకాశం బ్యారేజి మనకు నీళ్లిచ్చాయి, కరెంటిచ్చాయి. కానీ నీళ్లతో పాటు ఒండ్రు మట్టి కూడా పైనే ఆగిపోతోంది. నది మట్టి తేవడం తగ్గింది, సముద్రం కోయడం ఆపలేదు. డెల్టా అంచు చాలాచోట్ల కోసుకుపోతోంది. గండికోట రాయి మన మనవళ్లకీ ఉంటుంది. ఈ ఇసుక కొస ఇలాగే ఉంటుందని మాత్రం మాటివ్వలేం.

వెళ్లేవాళ్లకి

* విజయవాడ నుంచి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా రావాలి. మచిలీపట్నం వాళ్లు చల్లపల్లిలో కలవొచ్చు.
* నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య హాయి. తుపాను హెచ్చరిక ఉంటే వాయిదా వేయండి.
* సంగమం దగ్గర సుడులుంటాయి, లోపలికి దిగొద్దు. పోలీసులు, అటవీ సిబ్బంది చెప్పింది వినండి. చీకటి పడేలోపు తిరిగి రండి.
* తీరం వెంట నీడ ఉండదు, కొట్లు ఉండవు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ తప్పనిసరి. ఖాళీ బాటిల్ మీతోనే వెనక్కి రావాలి.
* బండి ఆపాల్సిన చోట ఆపి, నడవండి. ఈ నేలని చూడ్డానికి అదే సరైన స్పీడు.