రెండో గేటు

మూడు రోజులు మా ప్రాజెక్ట్ పార్ట్‌నర్‌తో మాట్లాడలేదు. కారణం ఒక డిస్క్. అదీ నిజం డిస్క్ కాదు, క్యూఎములో డిస్క్‌లా నటించే ఒక ఫైలు.

ఫైనలియర్ ప్రాజెక్టుకి చిన్న కర్నెల్ రాద్దామనుకున్నాం. పంపకాలు మొదట్లోనే అయిపోయాయి: డిస్క్ డ్రైవర్ వాడిది, ఇంటరప్టులు నావి. అబ్‌స్ట్రాక్ట్‌లో "ఇంటరప్ట్ ఆధారిత డిస్క్ డ్రైవర్" అని గొప్పగా రాసిచ్చేశాం. సోమవారం రివ్యూ. గురువారం రాత్రి మొదటిసారి ఇద్దరి కోడూ కలిపి నడిపాం. టైమర్ స్క్రీన్ మీద చుక్కలు పెడుతోంది. కీబోర్డ్ నొక్కితే అక్షరం పడుతోంది. డిస్క్‌ని ఒక్క సెక్టార్ చదవమంటే మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. కమాండ్ వెళ్లింది, కర్నెల్ ఇంటరప్ట్ కోసం కాచుక్కూర్చుంది, అది రాదు.

"నా టైమరూ కీబోర్డూ వస్తున్నాయిగా మామా, తప్పు నీ వైపే. కంట్రోల్ రిజిస్టర్లో ఇంటరప్ట్ ఆపేసే బిట్ ఆన్ చేసుంటావ్ చూడు" అన్నాను. వాడు చూశాడు. బిట్ సున్నానే. మళ్లీ చూడమన్నాను. వాడికి చిరాకేసి, ఇంటరప్ట్ సంగతి వదిలేసి, స్టేటస్ పోర్టునే తిప్పి తిప్పి అడిగే పోలింగ్ కోడ్ రాశాడు. డేటా వచ్చింది. బూట్ సెక్టార్ చివర ఉండాల్సిన 55, ఏఏ రెండు బైట్లూ ఉన్న చోటే ఉన్నాయి. "ఇలాగే ఇచ్చేద్దాం రా, రివ్యూలో ఎవడు చూస్తాడు" అన్నాడు.

నేను అన్న మాట ఇక్కడ రాయను. డ్రైవర్ రాయడం రానోడు అనే అర్థం వచ్చేది. ఆ తర్వాత మెస్‌లో వాడు వేరే టేబుల్.

నిజానికి ఆ 55 ఏఏ నా కళ్ల ముందే సాక్ష్యం చెప్పింది. వాడి కమాండ్ సరిగ్గా వెళ్తోంది, డిస్క్ జవాబిస్తోంది, డేటా సిద్ధంగా ఉంది. మిగిలింది ఆ కబురు సీపీయూకి చేరే దారి ఒక్కటే. ఆ దారి నాది. కానీ ఆ రోజు నాకది తట్టలేదు. శుక్రవారమంతా క్యూఎములోనే బగ్ ఉందేమో అని కూడా అనుకున్నాను. 2003 నుంచి ప్రపంచమంతా వాడుతున్న ఎమ్యులేటర్ తప్పట, నా రెండొందల లైన్లు ఒప్పట!

ఆదివారం రాత్రి వేరే పని లేక క్యూఎము మానిటర్ తెరిచి 'ఇన్ఫో పిక్' అని కొట్టాను. ఎమ్యులేట్ చేసిన రెండు 8259 చిప్పుల లోపలి రిజిస్టర్లు కనిపిస్తాయి అందులో. రెండో చిప్‌లో ఐఆర్‌ఆర్ 40, ఐఎమ్‌ఆర్ బీఎఫ్. మొదటి చిప్‌లో ఐఆర్‌ఆర్ 04, ఐఎమ్‌ఆర్ ఎఫ్‌సీ. ఐఆర్‌ఆర్ అంటే ఎవరు తలుపు తడుతున్నారు అని. ఐఎమ్‌ఆర్ అంటే ఏ తలుపులు మూసున్నాయి అని. 1 ఉంటే మూసినట్టు.

మైక్రోప్రాసెసర్స్ పరీక్షలో 8259 కాస్కేడింగ్ బొమ్మ స్కేలు పెట్టి గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఒక్కో చిప్‌కి ఎనిమిది లైన్లు. 1984 నాటి పీసీ-ఏటీలో అవి చాలక రెండో చిప్ పెట్టి, దాని అవుట్‌పుట్‌ని మొదటి చిప్ 2వ లైన్‌కి కట్టారు. మా డిస్క్‌ది 14వ లైన్, అంటే రెండో చిప్‌లో 6వ తలుపు. నేను బీఎఫ్ రాసి ఆ తలుపు తీశాను, బాగానే ఉంది. మొదటి చిప్‌లో టైమర్‌కి 0, కీబోర్డ్‌కి 1 తీసి, మిగతావన్నీ మూసేశాను. 2వ లైన్‌కి ఏ పరికరమూ లేదు కదా, ఎందుకు తీయడం అనుకున్నాను. దాని వెనక ఎనిమిది మంది ఉన్నారన్న సంగతి పరీక్ష పేపర్లోనే వదిలేసొచ్చాను.

మన హాస్టల్లో పార్సిల్ వచ్చినట్టే. బ్లాక్ వాచ్‌మన్‌కి చెప్పి ఉంచుతాం, పంపించన్నా అని. మెయిన్ గేటులో చెప్పడం మర్చిపోతాం. డెలివరీ అబ్బాయి గేటు బయటే నిలబడి ఉంటాడు, మనం రూములో కూర్చుని వాణ్ణి తిట్టుకుంటాం. ఆ 04 మూడు రోజులుగా గేటు బయట నిలబడి ఉంది.

ఎఫ్‌సీని ఎఫ్8 చేశాను. ఒక్క అక్షరం. రన్ చేస్తే ఇంటరప్ట్ వచ్చింది.

లాప్‌టాప్ తెరిచే పట్టుకుని రాత్రి ఒంటిగంటన్నరకి వాడి రూముకెళ్లాను. తలుపు తీసి ఏంటన్నట్టు చూశాడు. స్క్రీన్ చూపించాను. కాసేపు చూసి, "ఎనిమిది సెక్టార్లు చదివించు" అన్నాడు. మొదటిది వచ్చి ఆగిపోయింది. నాకు లోపల కొంచెం హాయిగా అనిపించిందని ఒప్పుకోవాలి, ఈసారైనా వాడిది అవుతుందేమోనని. వాడు స్క్రీన్ మీదకి వంగి అర నిమిషంలో అన్నాడు: "ఇది నాది మామా."

పోలింగ్‌లో వాడిన ఆల్టర్నేట్ స్టేటస్ పోర్టునే హ్యాండ్లర్లోనూ వాడేశాడట. అసలు స్టేటస్ పోర్ట్ చదివితేనే డిస్క్ తన లైన్ దించుతుంది. ఆల్టర్నేట్‌ది చదివితే దించదు. లైన్ ఎత్తే ఉంటే, సున్నా నుంచి ఒకటికి మారడాన్నే చూసే చిప్‌కి రెండో సెక్టార్ కబురు తెలిసే దారి లేదు. పోర్ట్ నంబర్ మార్చాడు. ఎనిమిదీ వచ్చాయి.

రిపోర్ట్‌లో "పోలింగ్" అని దిద్దిన చోట మళ్లీ "ఇంటరప్ట్" అని దిద్దుకుని పడుకునేసరికి తెల్లారింది. రివ్యూలో ఆ లైన్ గురించి ఎవరూ అడగలేదు.

"ఇది నాది" అనడానికి వాడికి అర నిమిషం పట్టింది. నేను ఆ రాత్రి లాప్‌టాప్ చూపించానే తప్ప ఆ మాట అనలేదు. ఈ సంచికకి పేజీలు పెడుతున్నది వాడే కాబట్టి, వాడు ఇక్కడిదాకా ఎలాగూ చదవాలి. ఆ ఎఫ్‌సీ నాది రా.