చుకందర్ శక్కర్

పోయిన జుమా నాడు ఆపా ఫోన్ చేసింది. భాంజీ స్కూల్ నుంచి ఏదో ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం ఫారం తెచ్చిందట. పది నెలలు పరాయి దేశంలో, పరాయి వాళ్ళింట్లో. దూల్హా భాయి రెండు రోజుల నుంచి సరిగ్గా అన్నం తినడం లేదట. "నువ్వు పోయొచ్చినదానివి కదా, చెప్పు. పంపాలా వద్దా?" అంది. ఫోన్‌లో ఏమీ చెప్పలేకపోయాను. ఇన్షా అల్లా రాసి పంపుతానన్నాను. కూర్చుని రాస్తుంటే, ఆడపిల్ల పాస్‌పోర్ట్ గురించి మష్వరాలు నడుస్తున్న ఇళ్ళు మన దగ్గర ఇంకా చాలా ఉంటాయి కదా అనిపించింది. అందుకని ఆపా పేరు మీద అందరికీ రాస్తున్నాను.

2008లో నాకు పదహారేళ్ళు. నిజామాబాద్ గాంధీ చౌక్ దగ్గర అబ్బాకు చిన్న గడియారాల దుకాణం. దాదా, దాదీ బోధన్‌లో ఉండేవాళ్ళు. మా ఖాందాన్‌కు పాస్‌పోర్ట్ కొత్త కాదు. ఇద్దరు చాచాలు దమ్మాంలో, ఖాలూ దుబాయ్‌లో. మన జిల్లాలో ఏ గల్లీలో అడిగినా ఇదే కథ. కానీ పోయినవాళ్ళందరూ రోజీ కోసం పోయిన మగవాళ్ళు, లేకపోతే హజ్‌కు పోయిన ముసలివాళ్ళు. ఒక ఆడపిల్ల ఒంటరిగా, నౌకరీకి కాదు, డిగ్రీకి కాదు, ఊరికే "అక్కడి వాళ్ళతో ఉండి రావడానికి" పోతుందంటే దాని మతలబ్ ఎవరికీ అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ కాలేదు.

ఆ ప్రోగ్రాం పేరు కెనెడీ-లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ అండ్ స్టడీ. అందరూ 'యెస్' అంటారు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత, 2002లో అమెరికా వాళ్ళు మొదలుపెట్టారు. ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాల హైస్కూల్ పిల్లలను ఒక ఏడాది అమెరికన్ కుటుంబాలతో ఉంచి, అక్కడి స్కూల్‌లో చదివించడం దాని పని. మన దేశంలో ఏఎఫ్ఎస్ అనే సంస్థ నడిపేది. ఖర్చంతా వాళ్ళదే. మా మేడమ్ ఫారం ఇస్తే నింపాను. అబ్బా సంతకం పెట్టారు, రాదులే అని. వచ్చింది. అప్పుడు మొదలైంది అసలు గొడవ.

ఫుప్పు వచ్చి ఇజ్జత్ అంది, రిష్తాలు అంది. అమ్మీ ఏమీ అనలేదు, రోటీలు మాత్రం మాడ్చింది. అబ్బా "సోచేంగే" అని దుకాణానికి పోయారు. నేను బస్సెక్కి బోధన్ పోయి దాదా దగ్గర కూర్చున్నాను.

దాదా జిందగీ అంతా శక్కర్ నగర్‌లో గడిచింది. నిజాం సాగర్ నీళ్ళొచ్చాక చెరుకు, చెరుకు వెనకాల 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ వెనకాల మాలాంటి కుటుంబాలు. ఆయన పాన్‌మ్యాన్. పాకం మరిగే పెద్ద పాన్ దగ్గర నిలబడి, చిన్న గాజు పలక మీద చుక్క తీసుకుని, వేలితో రుద్ది, దానా ఎంతవరకు కట్టిందో చెప్పేవాళ్ళు. రిటైరైన తర్వాత కూడా చాయ్‌లో శక్కర్ వేసేముందు రెండు పలుకులు వేళ్ళ మధ్య నలిపి చూసేవాళ్ళు. నన్ను ఏ ఊరికి పంపిస్తున్నారో కాగితం చూపించాను. మిన్నెసోటా, మూర్‌హెడ్. అక్కడ కూడా శక్కర్ ఫ్యాక్టరీ ఉందని, చెరుకు కాదు, బీట్‌రూట్ జాతి దుంపతో చేస్తారని నెట్ సెంటర్‌లో చదివానని చెప్పాను.

"చుకందర్ సే శక్కర్? క్యా బాతాం కర్రై బేటీ!" అని నవ్వారు. శక్కర్ ఎర్రగా వస్తుందా అని అడిగారు. దుంపను గానుగలో ఎట్లా పిండుతారని అడిగారు. నాకేం తెలుసు? కాసేపు ఆగి, "జా. దేఖ్ కే ఆ. ఆకో మేరెకు బోల్" అన్నారు. పోయి, చూసి, వచ్చి నాకు చెప్పు. ఇజాజత్ అంటే అదే. దాదా మాట మీద అబ్బా ఇంకేం మాట్లాడతారు?

అప్పటికి హైదరాబాద్‌లో అమెరికా వీసాలు ఇవ్వడం మొదలుకాలేదు. చెన్నై పోయి వచ్చాం. విమానం గురించి రాయడానికి ఏమీ లేదు, దారంతా కడుపులో తిప్పుడే.

మూర్‌హెడ్ పక్కనే రెడ్ రివర్, దాటితే నార్త్ డకోటాలోని ఫార్గో. చదును నేల. మన బోధన్ పొలాల్లాగే, కానీ అంతు లేదు. పోయిన కొద్ది రోజులకే రమ్జాన్ వచ్చింది. ఇఫ్తార్ రాత్రి ఎనిమిదింటికి. మొదటి సహరీకి నేను సద్దు చేయకుండా కిచెన్‌లోకి పోతే హోస్ట్ మదర్ అప్పటికే పాన్‌కేక్‌లు వేస్తోంది. ఒక్కదాన్నే చీకట్లో కూర్చుని తినడం ఏం బాగుంటుందని లేచిందట. ఆమెను 'మామ్' అనడానికి నాకు నోరు రాలేదు. 'ఆంటీ' అనేదాన్ని. వాళ్ళకు అది వింతగా ఉండేది.

ఈద్ అయీ కాకముందే బీట్‌ల కోత మొదలైంది. హోస్ట్ ఫాదర్ స్కూల్ బిల్డింగుల మరమ్మతు పని చేసేవాడు. అక్టోబర్ రాగానే సెలవు పెట్టి బీట్ లారీ నడపడానికి పోయాడు. అక్కడ అది మామూలే. రకరకాల నౌకరీల వాళ్ళు ఆ రెండు వారాలు లారీలెక్కుతారు, రాత్రీ పగలూ. ఒక రాత్రి నన్నూ తీసుకుపోయాడు. చుకందర్ ఎర్రగా లేదు దాదా, తెల్లగా ఉంది. పెద్ద ముల్లంగి కడుపుతో ఉన్నట్టుంటుంది. దాన్ని పిండరు. సన్నటి పోగులుగా కోసి వేడినీళ్ళలో తీపిని దింపుతారు. తర్వాత సున్నం, మరిగించడం, దానా కట్టించడం, అక్కడి నుంచి మన కథే. నాకు నమ్మకం కలగనిది ఇంకోటి. మన చెరుకు కోసిన తర్వాత ఒక రోజు దాటితే తీపి పడిపోతుందని దాదా ఎప్పుడూ తొందరపడేవాళ్ళు. అక్కడ దుంపలను మైదానంలో గుట్టలు పోసి వదిలేస్తారు. చలి వాటిని గడ్డ కట్టిస్తుంది. చలికాలమంతా తవ్వుకుంటూ ఆడిస్తారు. ఎండ ఎక్కువైన రోజు కోత ఆపేస్తారు, దుంప వేడెక్కితే గుట్టలో కుళ్ళిపోతుందని.

ఆదివారం ఫోన్‌లో ఇదంతా చెబితే దాదా "ఝూట్" అన్నారు. ఆ ఫ్యాక్టరీలకు 1973 నుంచి దుంప పండించే రైతులే మాలికులు అని చెప్పాను. ఈసారి ఝూట్ అనలేదు. లైన్ తెగిపోయిందేమో అనుకున్నాను. బోధన్ ఫ్యాక్టరీలో 51 శాతం వాటా 2002లో ప్రైవేటుకు పోయింది. ఆయన దోస్తులు చాలామంది ఆ రోజుల్లోనే ఇంటికొచ్చేశారు. "లిఖ్ కే భేజ్" అన్నారు చివరికి. అన్నీ రాసి పంపమన్నారు.

నవంబర్ 27 థాంక్స్‌గివింగ్. హోస్ట్ మదర్ చుట్టాలంతా వచ్చారు. నా కోసం విడిగా చేప వండింది. టీవీలో ముంబై తాజ్ హోటల్ కాలుతోంది. నేను ఆ టేబుల్ దగ్గర ఒక్కతే ఇండియన్, ఒక్కతే ముస్లిం. ఒక ముసలాయన, చెడ్డవాడు కాదు, మెల్లగా అడిగాడు, "వాళ్ళు మీవాళ్ళేనా?" అని. ఎవరి గురించి అడిగాడో ఈరోజుకీ నాకు తెలియదు, చంపినవాళ్ళ గురించా, చచ్చినవాళ్ళ గురించా. చచ్చినవాళ్ళు మావాళ్ళు అన్నాను. గొంతు పూడుకుపోయింది. కొన్ని రోజులకు అబ్బా ఫోన్‌లో చెప్పారు, బడా ఖబ్రస్తాన్‌లో ఆ హంతకులకు జాగా ఇవ్వమని ముంబై ముస్లింలే అన్నారని. అది సోషల్ స్టడీస్ క్లాసులో లేచి చెప్పాను. నేను పంపబడింది ఇందుకేనేమో అని ఆ రోజు కొంచెం గర్వం కూడా వచ్చింది. పదహారేళ్ళ పిల్ల మెడ మీద మొత్తం ఉమ్మత్ తరఫు గవాహీ పెట్టడం ఎంత బరువో ఇప్పుడు తెలుస్తోంది. ఆపా, భాంజీకి ఇది ముందే చెప్పు. అన్నిటికీ జవాబు నీ దగ్గరే ఉండాలని లేదు అని చెప్పు.

డిసెంబర్ సెలవుల్లో దాదాకు ఉత్తరం రాశాను. నాది ఇంగ్లీష్ మీడియం, ఉర్దూ రాయడం అరకొర. తెలుగులో రాశాను, అబ్బా చదివి వినిపిస్తారని. పన్నెండు పేజీలు. దుంప బొమ్మ, గుట్ట బొమ్మ, లారీని తూచే కాటా బొమ్మ.

జనవరిలో సున్నాకు ముప్పై డిగ్రీలు కింద చలి. సెమిస్టర్ ఇమ్తెహాన్లు దగ్గరపడ్డాయి. ఆదివారం అబ్బా ఫోన్ చేశారు. దాదాకు ఇవ్వమన్నాను. "దాదా సో రహే బేటా" అన్నారు. సరే, పడుకోనీ అన్నాను.

ఆ వారంలో హోస్ట్ మదర్ ఎందుకో నా గదిలోకి ఊరికే వచ్చి పోయేది. చాయ్ తెచ్చేది. చాయ్ చేయడం ఆమెకు రాదు, అయినా తెచ్చేది. తర్వాతి వారం మధ్యలో ఒక సాయంత్రం కారెక్కమంది. ఫార్గో మస్జిద్ ముందు ఆపింది. ఇంజన్ ఆపలేదు, చలికి. స్టీరింగ్ పట్టుకునే చెప్పింది. తొమ్మిది రోజులైంది, మీ తాత పోయారు, పరీక్షలు అయ్యేవరకు చెప్పొద్దని మీ నాన్న అడిగారు, నేను మాటిచ్చాను, ఇక నా వల్ల కావడం లేదు.

ఇన్నా లిల్లాహి కూడా నోటికి రాలేదు. నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు, గుస్సా. జనాజా అయిపోయింది. జియారత్ అయిపోయింది. ఒక అమెరికన్ ఆవిడకు తెలుసు, నాకు తెలియదు. "సో రహే" అన్న మాట చెవుల్లో తిరుగుతూనే ఉంది.

మస్జిద్‌లో ఆడవాళ్ళ వైపు సోమాలీలు, బోస్నియా వాళ్ళు ఉన్నారు. జంగ్‌ల నుంచి పారిపోయి ఆ ఊరు చేరినవాళ్ళు. ఒక సోమాలీ నానీ నన్ను ఒళ్ళోకి లాక్కుంది. నాకు ఆమె జబాన్ రాదు, ఆమెకు నాది రాదు. ఖురాన్ మాత్రం ఇద్దరికీ వచ్చు. యాసీన్ చదివింది. తర్వాత ఆమె మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది, నానీ తన అమ్మ ఖబర్, నాన్న ఖబర్, ఇద్దరు కొడుకుల ఖబర్ ఏదీ చూడలేదని. హోస్ట్ మదర్ చెప్పుల అరల దగ్గర, తలకు స్కార్ఫ్ చుట్టుకుని గంటన్నర నిలబడింది. ఎవరో కుర్చీ వేసినా కూర్చోలేదు.

మార్చిలో రెడ్ రివర్ పొంగింది. 28వ తేదీన ఫార్గో దగ్గర దాదాపు 41 అడుగులకు వచ్చింది, అంతకుముందు ఎప్పుడూ రానంత. స్కూళ్ళు బంద్ చేసి పిల్లలందరినీ ఇసుక సంచులు నింపడానికి పంపారు. ఫార్గోడోమ్ అనే పెద్ద స్టేడియంలో వేల మంది. మస్జిద్ వాళ్ళు కూడా వచ్చారు. నేను రెండు రోజులు పార పట్టుకున్నాను, చేతులు బొబ్బలెక్కాయి. జనవరి నుంచి ఏడవనిదాన్ని అక్కడ ఏడ్చాను. అందరి మొహాలూ చెమటతో తడిసి ఉన్నాయి కాబట్టి ఎవరూ గమనించలేదు.

తిరిగొచ్చాక అబ్బాను అడిగాను. అబ్బా సారీ చెప్పలేదు. "అంత దూరంలో నువ్వు ఒంటరిగా ఏడుస్తుంటే నేనేం చేయగలను బేటా?" అన్నారు. దుకాణంలో గోడ మీద ఒక గడియారం అరగంట ముందుకు తిరుగుతూ కనిపించింది. చలికాలంలో మనకూ మిన్నెసోటాకూ తేడా పదకొండున్నర గంటలు, అంటే ముళ్ళు అరగంట ముందుకు జరిపితే చాలు, అదే అక్కడి టైమ్. పగలు రాత్రి తలకిందులు, అంతే. ఎండాకాలం అక్కడ గంట మారుస్తారని ఆయనకు తెలియదు. జూన్ వరకు తప్పు టైమే చూసుకున్నారు.

ఇప్పుడు నేనూ తల్లినే. అబ్బా ఎందుకు దాచారో తెలుసు. అయినా ఆ తొమ్మిది రోజులు నాకు చెందినవి, వాటిని తీసుకునే హక్కు ఆయనకు లేదని ఇప్పటికీ అనుకుంటాను. కాబట్టి ఆపా, పంపు. దూల్హా భాయితో ఒక్క మాట ఖాయం చేసుకుని పంపు. ఇంట్లో ఏం జరిగినా ఆ రోజే పిల్లకు చెప్పాలి. అంత దూరం పోనిచ్చినవాళ్ళు ఈ మాత్రం కూడా నమ్మాలి కదా.

దాదీ సంగతి చెప్పి ఆపేస్తాను. వచ్చేటప్పుడు సూట్‌కేస్‌లో అయిదు పౌండ్ల బీట్ శక్కర్ సంచి తెచ్చాను. బోధన్‌కు శక్కర్ మోసుకొచ్చిందని అమ్మీ నవ్వింది. నా ఉత్తరం దాదా పోయిన అయిదో రోజు చేరిందట. అబ్బా దాదీకి చదివి వినిపించారు. ఆమె అంతటితో ఆగలేదు, తెలుగు వచ్చిన పక్కింటి పిల్లలను పిలిచి మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. గుట్టలు, చలి, సున్నం, రైతులు మాలికులు, అన్నీ ఆమెకు జబానీ వచ్చేశాయి. శక్కర్ వేళ్ళ మధ్య నలిపింది, దాదాలాగే. చాయ్‌లో వేసి తాగింది. "ఫరఖ్ క్యా హై? శక్కరిచ్ హై" అంది.

తర్వాత ఉత్తరంలో ఒక సంగతి రాయలేదని అడిగింది. వాళ్ళ కార్ఖానాకు భోంగా ఉంటదా అని. మన ఫ్యాక్టరీ సైరన్‌ను ఆమె భోంగా అనేది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది కానీ, అప్పటికి ఇంకా మోగుతూనే ఉండేది.

నేను వినలేదు దాదీ అన్నాను.

దాదీ చాయ్ కప్పు కింద పెట్టింది. "భోంగా లేకపోతే, మగవాళ్ళు ఇంటికి ఎప్పుడొస్తారో ఆడవాళ్ళకు ఎట్లా తెలుస్తది?" అంది.